షావుకారు ఖాతా

మా సెక్టారు షాపింగ్ కాంప్లెక్స్‌కి వెళ్లడానికి చెప్పులు కూడా వేసుకునేవాళ్లం కాదు. 1990లలో ఉక్కునగరం అంటే అంతే. విశాఖ ఉక్కు కర్మాగారం తన ఉద్యోగుల కోసం కట్టిన ఊరు కాబట్టి బడి, ఆటస్థలం, కొట్లు అన్నీ నడిచిపోయే దూరంలోనే ఉండేవి. ఒకే కొలత షట్టర్లు వరసగా: పచారీ కొట్టు, నోటుపుస్తకాలవాడు, టైలరు. మధ్యాహ్నం మూత, రాత్రి పెందలాడే మూత.

1929లో అమెరికాలో ప్రణాళికకర్త క్లారెన్స్ పెర్రీ అచ్చు ఇలాంటి పేటనే కాగితం మీద గీశాడని పెద్దయ్యాక చదివాను. నడుమ బడి, అంచుల్లో రోడ్లు కలిసేచోట దుకాణాలు, పిల్లలు పెద్ద రోడ్డు దాటే అవసరమే లేని ఏర్పాటు. బాగానే ఉంది గానీ, పిల్లలకి పెద్ద రోడ్డు దాటాలనే ఉంటుంది.

దాటితే కూర్మన్నపాలెం, ఆ పైన గాజువాక. అక్కడ బజారుకి గడియారం కర్మాగారమే. ఎ షిఫ్టు మధ్యాహ్నం రెండుకి వదిలితే కూరలబళ్లు కదిలేవి, బి షిఫ్టు రాత్రి పదికి వదిలితే టీకొట్ల దగ్గర మళ్లీ సందడి. జీతాల వారంలో చేపల ధర కూడా వేరే. కొట్లు తెరిచి ఉన్నంతసేపు వీధికి కళ్లుంటాయని రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లో రాసింది. న్యూయార్కులో తన వీధిలో జనం కొట్టువాడి దగ్గర తాళంచెవులు వదిలి వెళ్లేవారట. మేం గాజువాకలో అరువిచ్చే మా షావుకారు దగ్గర కబుర్లు వదిలేవాళ్లం.

"బాబూ, నాన్నారిది బి షిఫ్టేటి?" అనేవాడాయన, పప్పు తూస్తూనే. సమాధానం ఆయనకి ముందే తెలుసు. మా నాన్న వారపు సెలవు, ఓవర్‌టైము, ఎప్పుడు జీతం పడుతుందో, అన్నీ ఆ పొడుగాటి ఖాతా పుస్తకంలో మా పేజీకి లెక్కే. డబ్బు చేతులు మారేచోట మనుషులు ఒకరికొకరు అంకెలవుతారని, మహానగరవాసి దేనికీ చలించని మొద్దుతనం అలవాటు చేసుకుంటాడని సామాజికవేత్త జార్జ్ సిమ్మెల్ 1903లో అన్నాడు. మా షావుకారుకి మేం అంకెలమే, కాని మా అమ్మకి జ్వరమొస్తే సగ్గుబియ్యం పంపే అంకెలం. సిమ్మెల్‌ని అరువు కొట్టుకి తీసుకెళ్లాల్సింది.

అయితే ఆ పుస్తకంలో అందరికీ పేజీ ఉండేది కాదు. కర్మాగారానికి భూములిచ్చి అగనంపూడి, వడ్లపూడి నిర్వాసిత కాలనీలకి చేరినవాళ్లలో చాలామంది చేతిలో ఉద్యోగానికి బదులు నిర్వాసితులకిచ్చే ఆర్ కార్డు మాత్రమే ఉండేది. వాళ్ల పిల్లలు నాతోపాటే వరసలో నిలబడి పావుకిలో పంచదార చిల్లరిచ్చి కొనుక్కునేవారు. కాంట్రాక్టు కూలీలదీ అదే తీరు, ఏ రోజు సరుకు ఆ రోజే. షావుకారుది రాతిగుండె అనలేను. పర్మినెంటు ఉద్యోగి గేటుపాసు ఆయనకి హామీపత్రం, అది లేనివాడి కాంట్రాక్టరు వచ్చే నెల ఉంటాడో లేదో ఎవరికీ తెలీదు. వీధికి కళ్లుండేవి నిజమే. అవి మొహం కంటే ముందు మెడలో వేలాడే గేటుపాసుని చూసేవి. మా నాన్న మెడలో అది ఉంది కాబట్టే నాకు గాజువాక అంత ఆప్యాయంగా గుర్తుందేమో.