పీజోలో నైలాన్ తీగ

వడపళని రిహార్సల్ గదిలో ఇవాళ ఒక కుర్రాడు ఎలక్ట్రిక్ గిటార్ నాబ్‌ని పీజో పికప్ వైపు తిప్పాడు.
ఉన్నవి ఉక్కు తీగలే!
గోరు తగలకుండా వేలికొసతో, మెడ దగ్గరగా మీటి, ట్రెబుల్ తగ్గించేసరికి దాదాపు నైలాన్ గిటారే.

మామూలు పికప్ అయస్కాంతం కదా, నైలాన్ తీగ దానికి వినపడదు.
బ్రిడ్జిలో ఉండే పీజోకి ఏ తీగైనా ఒకటే, ఒత్తిడి తగిలితే చాలు.
కానీ బోలు చెక్కపెట్టె మోత ఎక్కడిది? పైగా ఒక్కోసారి బాతు అరుపులాంటి గొంతు.
మంచి ప్రీయాంప్, ఐఆర్ (ఇంపల్స్ రెస్పాన్స్) పెడితే కొంత సర్దుకుంటుంది.

ఇది వింటుంటే, పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గుర్తొచ్చారు.
ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకాలు పలికించి చెన్నై సభల్ని ఒప్పించారు.
నాదంలో చెక్క వాటా కంటే చేతి వాటాయే ఎక్కువేమో!

మీరేమంటారు?
పీజో వాడేవాళ్లు మీ సెట్టింగులు కూడా చెప్పండి.