ఉప్పాడ ఒడ్డున అలివి వల

ఉప్పాడలో మా ఇల్లు ఇప్పుడు లేదు. గోదావరి ఇసుక మేటతో పెరిగిన హోప్ ఐలాండ్ కాకినాడ రేవుకు అలల నుంచి కాపు కాస్తుంది. ఆ చాటు దాటి ఉన్న ఉప్పాడకు అంత అదృష్టం లేదు. సముద్రపు కోత ఒక్కో ఇళ్ల వరసా మింగుతూ మా పెరటి దాకా వచ్చి, చివరికి ఇంటినీ మింగేసింది.

గోడల మీద నాకంత బెంగ లేదు. బెంగంతా తాతయ్యతో కలిసి లాగిన అలివి వల మీదే. పడవ మీద వెళ్లి వలను నెలవంకలా వేసి వచ్చేవారు. దాని రెండు తాళ్ల కొసలూ ఒడ్డునే ఉండేవి. రెండు జట్లు లాగుతూ, పాడుతూ, మెల్లగా ఒకదాని వైపు ఒకటి జరిగేవి. అరచేతులు మండేవి. ఉప్పునీళ్లు తగిలితే ఇంకా మండేవి. అయినా వదలబుద్ధయ్యేది కాదు. వల సంచి ఇసుక మీదికి రాగానే కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు తళతళా ఎగిరిపడేవి. ఆ క్షణంలో పెద్దా చిన్నా అందరిదీ ఒకటే కేక!

తాడు పట్టిన ప్రతి చేతికీ వాటా ఉండేది, నా చేతికి కూడా. బళ్లో వచ్చిన ఏ బహుమతీ నాకంత గర్వం ఇవ్వలేదు. నెత్తళ్లలో మామిడికాయ వేసి నానమ్మ పులుసు పెట్టేది. తెల్లారితే దాని రుచే వేరు.

ఈ చలికాలం మా అమ్మాయిని తీసుకెళ్తున్నాను. తాడు దగ్గర ఎవరో ఒకరు చోటిస్తారు.