చంటిబిడ్డలు – హాజరుపట్టీ

చంటిబిడ్డల సంరక్షణకై ప్రభుత్వము ధనము వెచ్చించుట లేదని యెవరును అనజాలరు. 1975 అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము ఆరంభమైనది. 2002లో రాజ్యాంగపు 45వ అధికరణమును సవరించి, ఆఱేండ్లు నిండువఱకు శిశువుల సంరక్షణకును విద్యకును రాజ్యము పాటుపడవలెనని వ్రాసిరి. వ్రాసినది మంచిదే. ఆ ధనమును ఎవరిని లెక్కించి యిచ్చుచున్నారు, లెక్కకు రానివారి భారము నెవరు మోయుచున్నారు అనునదే నేను విచారింపదలచినది.

మా విడపనకల్లు బళ్ళారి దాపున నున్నది. అనంతపురము జిల్లాలో ఏటి సగటు వర్షము 550 మిల్లీమీటర్ల ప్రాంతము. ఆ కొంచెమును వేళకు పడదు. కావున పని దొరకినపుడు ఒక్కపెట్టున దొరకును, లేనపుడు నెలలకొలది లేదు. కలుపుతీత, పత్తితీత, మిరపకాయల కోత, ఇవి యన్నియు ఆడువారి చేతిపనులు. కూలి పిలుపు వచ్చిన దినమున తల్లి పోక తీరదు, బిడ్డకు ఏడు నెలలైనను పది నెలలైనను.

అంగన్వాడి యున్నది గదా యని చదువరులు అడుగుదురు. ఉన్నది. కాని కూర్చుండబెట్టి ఆటపాటలు నేర్పునది మూడేండ్లు నిండినవారికి. అంతకు చిన్నవారికి ఇచ్చునది ఇంటికి గొంపోవు సరకు. సరకు బిడ్డను ఎత్తుకొనదు గదా!

ఈ లోటు దొరలకు తెలియనిది కాదు. 2006లో రాజీవ్ గాంధీ పేర శిశుగృహముల పథకమొకటి వచ్చెను. 2017లో దానిని జాతీయ శిశుగృహ పథకముగా మార్చి, ఆఱు నెలలు మొదలు ఆఱేండ్ల వఱకు గల బిడ్డలను నెలకు 26 దినములు, దినమునకు ఏడున్నర గంటలు కనిపెట్టవలెనని నియమించిరి. దారిద్ర్యరేఖకు దిగువవారు నెలకు 20 రూపాయలును, నెలకు 12,000 వఱకు రాబడి గలవారు 100 రూపాయలును, ఆ పైవారు 200 రూపాయలును చెల్లించవలసియుండెను. నెల రాబడియట! మిరప కోతల కాలమున వచ్చు రాబడి వేఱు, వేసవి రాబడి వేఱు. ఏ నెలను చూచి మాపల్లె కూలిదానికి తరగతి నిర్ణయింతురు?

ఆ పథకపు వ్యయములో కేంద్రము నూటికి 60 పాళ్ళు, రాష్ట్రము 30, నడుపు స్వచ్ఛంద సంస్థ 10 భరింపవలసియుండెను. సంస్థ రాని పల్లెకు శిశుగృహమును రాకుండెను. 2022లో పాల్నా యను పథకముచే అంగన్వాడిలోనే శిశుగృహమును కలుపుటకు దారి యేర్పడెను. ఇది మేలైన మార్పు. అయినను దేశమున అంగన్వాడులు దాదాపు 14 లక్షలుండగా ఇట్లు కలుప దలపెట్టినవి 17,000; ఎనుబదింటికొకటి.

60, 30, 10 కూడిన 100 అగును, లెక్క సరిపోయినది. మా యూర మాత్రము నాలుగవ పాలు ఒకటి కలదు. దానిని ఐదవ తరగతి ఆడపిల్ల చెల్లించుచున్నది. కోతల కాలమున నా హాజరుపట్టీ చూచిన ఇది తేటపడును. మగపిల్లల వరుస నిండుగా నుండును. తమ్ముడో చెల్లెలో గల ఆడపిల్లల వరుసలో సున్నలు. ఒక పిల్ల వారము దినములు రాకపోగా ఇంటికి పోయి అడిగితిని. తల్లి యన్నమాట యిది: “యాడ ఇడ్సిపెట్టల్ల సార్ పాపను? బిడ్డనెత్తుకోని పోతే మేస్త్రీ రేపు పిలవడు.” ఆమెకు బదులు చెప్పుటకు నాకు మాట దొరకలేదు.

2020లో ఆరంభమైన అమ్మఒడి పథకమున బిడ్డను బడికి పంపు తల్లికి ఏటికి 15,000 రూపాయలని చెప్పి, నూటికి 75 హాజరుండవలెనని నియమము పెట్టిరి. చంటిదానిని మోయుటకై పెద్దది బడి మానిన ఆ సొమ్మునకే ముప్పుగా నుండెను. మానకున్న నాటి కూలి పోయెడిది. ఒక శాఖ ఇయ్యని శిశుగృహమునకు వేఱొక శాఖ జరిమానా విధించినట్లుండెను.

మన జిల్లాకు ఈ విషయమున ఒక ప్రత్యేకత కలదు. గ్రామీణ ఉపాధి హామీ పథకమును 2006 ఫిబ్రవరి 2వ తేదీన ఆరంభించినది నార్పల మండలపు బండ్లపల్లెలోనే. 2005 నాటి ఆ చట్టముననే, పనిచోటికి ఆఱేండ్లలోపు బిడ్డలు అయిదుగురు లేక అంతకెక్కువ మంది వచ్చిన, కూలి స్త్రీలలో ఒకతెను బిడ్డలను చూచుటకు నియమించి ఆమెకును కూలి యియ్యవలెనని యుండెను. బిడ్డను చూచుట పనియే యని చట్టము ఒప్పుకొన్న అరుదైన చోటు ఇది. నలుగురే వచ్చిన ఏమి గతియో వ్రాయలేదు. రైతు మిరపతోటలో కూలికి పోయినదానికి ఆ ఆదరువును లేదు.

సంస్కృతమున ధాత్రి యనగా దాది, భూమి యనియు నర్థము. నిఘంటువు చదివినపుడు చమత్కారమనుకొంటిని. గట్టుమీద గోనెపట్టాపై నిదురించు బిడ్డలను చూచినపిదప ఆ రెండర్థములు మా యూర ఒక్కటే యైనవని తోచినది.

శిశుగృహము ఎచ్చట కావలెనో తెలియుటకు రాబడి పత్రములు అక్కఱలేదు. బడుల హాజరుపట్టీలను కోతల నెలలలో తెఱచి, ఆడపిల్లల సున్నలు ఎక్కువగా నున్న యూళ్ళలో మొదట తెఱచిన చాలును. హాజరుపట్టీలో కారణము వ్రాయుటకు గడి లేదు. కనుక ఈ యేడు నేనొక నోటుబుక్కు పెట్టి, రాని పిల్ల పేరునకెదురుగా “చెల్లెలు”, “తమ్ముడు” అని వ్రాయుచున్నాను. తనిఖీకి వచ్చు అధికారి ముందు మొదట దానినే పెట్టుదును.