ముద్ద చిన్నదయింది!

మిల్లెట్ల మీద ఏదైనా రాయమని సంపాదకుడు పంపితే మదనపల్లె వెళ్లాను. పిండిమరలు, రైతులు, అన్నీ చూసి రమ్మన్నారు. నేను సంగటి హోటల్ వంటింట్లోనే మధ్యాహ్నమంతా ఉండిపోయాను.

ఉడుకుతున్న నూకల మీద రాగిపిండి కుప్పగా పోసి, మూతపెట్టి మగ్గనిచ్చింది అక్కడి వంటావిడ. తర్వాత సత్తుగిన్నెను పాదాల మధ్య బిగించి, తెడ్డు రెండు చేతులా పట్టుకుని గెలికింది. ఎక్కడ ఉండ మిగిలిందో తెడ్డే చెబుతుందట. తడిపిన పళ్లెంలో ఇంత వేసి దొర్లిస్తే ముద్ద నున్నగా తేలింది. పొగలు కక్కుతున్నా ఆ చెయ్యి వెనక్కి పోదు.

బయటి నుంచి గొంతు: "ఏందక్కా, ముద్ద ఇంత చిన్నగుంది? కడుపు నిండేదెట్ల?"

"చేతిలోకి తీసుకోని చూడన్నా. నీళ్లు పోసి లావు చేసేది నాకూ తెల్సు!"

ఆవిడ మాట నిజమే. అదే పిండికి నీళ్లు ఎక్కువైతే ముద్ద ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. కానీ అతన్నీ కొట్టిపారేయలేం. బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2012లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. గిన్నెకు కనబడని గొట్టం అమర్చి, కొందరికి 300 మిల్లీలీటర్ల సూప్ చూపించి 500 తాగించారు, మరికొందరికి 500 చూపించి 300. తాగిన వెంటనే కడుపు నిజమే చెప్పింది. రెండు మూడు గంటలయ్యాక మాత్రం ఆకలి కంటితో చూసిన కొలతనే నమ్మింది! అయితే కన్నొక్కటే సాక్షి కాదు. చేతికి తగిలే బరువు, వేలు దిగని గట్టిదనం చూసి కూడా, ఇది పొద్దుగూకేదాకా ఆపుతుందని లెక్క వేసుకుంటాం. మదనపల్లె వైపు ఊళ్లలో మడక పట్టినవాళ్ల లెక్క అదే.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక సంగటికి బదులు ఇంటింటా అన్నం ఉడికింది. ఆ మేలు కాదనను. నా చిరాకంతా ఇప్పటి రాగి మీద. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నది మొదలు ఎక్కడ చూసినా పీచు, కాల్షియం అంటూ బోర్డులే. అమ్మేది పల్చటి జావ. నమిలేది లేదు, పట్టుకునేది లేదు, నాలుగు గుక్కల్లో గ్లాసు ఖాళీ. తిన్నామని కడుపుకు ఎవరు చెప్పాలి? పొద్దున ఆ జావ తాగొచ్చి, పదకొండింటికల్లా బిస్కెట్ పొట్లం విప్పేవాళ్లు మా ఆఫీసులోనే ముగ్గురున్నారు. రాగులు ఒంటికి పడలేదంటారు పైగా.