వెలిగితే ఒక తంటా, వెలగకపోతే రెండు

స్టీరింగు వెనక వెలిగే దీపాలతో మనవాళ్ళకి ఎప్పుడో రాజీ కుదిరిపోయింది. పెట్రోలు లైటు వెలిగితే "రిజర్వులో ఇంకో నలభై కిలోమీటర్లు పోతుందిలే" అంటాం. పసుపుపచ్చ ఇంజను బొమ్మ వెలిగితే "అది ఊరికే వెలుగుతుంది, సర్వీసింగులో చూపిద్దాం" అంటాం. సీటు బెల్టు లైటుకి మాత్రం లొంగుతాం, ఎందుకంటే దానికి గొంతుంది. పెట్టుకునేదాకా కీచుమంటూనే ఉంటుంది. ఎయిర్‌బ్యాగు లైటుది వీటన్నిటికంటే నెమ్మదస్థుడి స్వభావం. కూర్చున్న మనిషి, ఎదురుగా గుండ్రంగా ఒక బంతి, అంతే బొమ్మ. అది వెలుగుతున్నా ఏసీ చల్లగానే వస్తుంది, బ్రేకు పడుతుంది, మైలేజీ తగ్గదు. ఏ పనీ ఆగదు కనుక తొందరా పుట్టదు.

నా కారులో దాని సంగతి ముందు చెప్పింది హారన్. బెంజి సర్కిల్ దగ్గర ఆటో అడ్డమొస్తే నొక్కాను, మోగలేదు. విజయవాడలో హారన్ లేని బండికి దారెవరిస్తారు? ఆ కంగారులో నేనుంటే, పక్క సీట్లోంచి మా ఆవిడ "ఈ ఎర్ర బొమ్మేమిటండీ, ఇంతకుముందు లేదే?" అంది. హారన్ పోతే ఆ పూటే షెడ్డుకి పరిగెత్తే దేశం మనది. ఎయిర్‌బ్యాగు ఒక్కటే పోయి ఉంటే సంక్రాంతి వెళ్ళాక చూద్దామనుకునేవాళ్ళమేమో.

రెండూ ఒకేసారి మూగబోవడానికి కారణముంది. స్టీరింగు అటూ ఇటూ తిరుగుతూనే ఉండాలి, దాని నడిబొడ్డున ఉన్న ఎయిర్‌బ్యాగుకీ హారన్ మీటకీ కరెంటు తెగకుండా అందుతూనే ఉండాలి. అందుకోసం స్టీరింగు కింద ఒక ప్లాస్టిక్ డబ్బీలో పలచటి రిబ్బన్ కేబుల్‌ని చుట్టలు చుట్టి పెడతారు. చక్రం తిప్పినప్పుడల్లా అది బిగుసుకుంటూ వదులవుతూ ఉంటుంది. క్లాక్ స్ప్రింగ్ అంటారు. ఏళ్ళ తరబడి చుట్టుకునీ విప్పుకునీ ఎక్కడో తెగితే హారన్ ఆగిపోతుంది, లైటు వెలుగుతుంది.

కారులో ఏ భాగాన్నయినా కొనేముందు నడిపి చూడొచ్చు, నొక్కి చూడొచ్చు. ఎయిర్‌బ్యాగుని అలా చూడలేం. దీపావళి టపాకాయ మంచిదో తుస్సుమనేదో తెలియాలంటే కాల్చాలి, కాల్చాక అది ఉండదు. ఇదీ అంతే, పైగా ఇందులో ఉన్నదీ మందే. గుద్దుకున్న క్షణాన సెన్సార్లు వేగం ఎంత హఠాత్తుగా పడిపోయిందో కొలుస్తాయి, కంట్రోల్ యూనిట్ నిర్ణయం తీసుకుంటుంది, ఇన్‌ఫ్లేటర్లో మందు అంటుకుని గ్యాసు పుడుతుంది, సంచీ నిండుతుంది. ఈ తతంగమంతా సెకనులో ముప్ఫయ్యో వంతు అటూ ఇటూగా అయిపోతుంది; మనం కన్ను ఆర్పేలోగానే. అది ఒక్కసారి చేసే పని. ముందు రిహార్సలు లేదు, తర్వాత రెండో ఛాన్సు లేదు.

అందుకే ఆ చిన్న లైటుకి అంత విలువ. తాళం తిప్పగానే అది కొన్ని సెకన్లు వెలిగి ఆరుతుంది. ఆ లోపల కంట్రోల్ యూనిట్ తన తీగలన్నిటినీ పలకరించి, ప్రతి సర్క్యూటూ ఉండాల్సినట్టే ఉందో లేదో చూసుకుంటుంది. ఎక్కడైనా తేడా కనిపిస్తే లైటు ఆర్పదు. అప్పుడు గుద్దుకుంటే బ్యాగు తెరుచుకుంటుందన్న భరోసా లేదు. మనం సొంతంగా పరీక్షించుకోలేని వస్తువు గురించి మనకున్న సాక్షి అదొక్కటే.

సాక్షి ఏదో తప్పు జరిగిందని చెబుతుంది తప్ప ఎవరు చేశారో చెప్పదు. ముందు సీటు కింద పసుపుపచ్చ కప్లర్లుంటాయి. ఎయిర్‌బ్యాగు వైరింగు అని గుర్తుపట్టడానికే ఆ రంగు. సీటు ముందుకీ వెనక్కీ జరిపితేనో, కింద దూర్చిన గొడుగు తగిలితేనో అవి వదులు కావచ్చు. ఎలుక కొరకవచ్చు. చాలా కార్లలో కంట్రోల్ యూనిట్‌ని ముందు సీట్ల మధ్య నేలను అంటిపెట్టుకునే బిగిస్తారు కాబట్టి కారులోకి నీళ్ళొస్తే ముందు నానేది అదే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు ఎన్ని కార్లు సీట్ల దాకా నీళ్ళలో నిలబడ్డాయో మా ఊళ్ళో అందరూ చూసిందే.

సర్వీస్ సెంటరుకి వెళ్ళేముందు, హారన్ కోసమని ఆటోనగర్లో ఆగాను. అక్కడి కుర్రాడు తల లోపలికి పెట్టి చూసి, "ఏం లేద్సార్, చిన్న రెసిస్టర్ పెడితే ఆ లైటు ఆరిపోద్ది" అన్నాడు.

"మరి బ్యాగు?"

"బ్యాగు సంగతి మనకెందుకు సార్? మీ ప్రాబ్లం లైటే గదా!"

వాడి మాటలో పనితనమూ ఉంది, ప్రమాదమూ ఉంది. ఎయిర్‌బ్యాగు సర్క్యూట్లో ఉండాల్సిన రెసిస్టెన్సు రెండు మూడు ఓమ్‌లు. అంతే విలువున్న పది రూపాయల ముక్క తగిలిస్తే, బ్యాగు భేషుగ్గా ఉందని కంట్రోల్ యూనిట్ నమ్ముతుంది. సెకండ్ హ్యాండ్ బజార్లో ఈ విద్య కొత్తది కాదు. ప్రమాదంలో తెరుచుకున్న బ్యాగు మార్చాలంటే ఖర్చెక్కువని, ఖాళీ స్టీరింగుకి మూత బిగించి లైటుని బుజ్జగించి అమ్మేసేవాళ్ళున్నారు. పాత కారు చూడబోతే తాళం తిప్పి ఆ బొమ్మనే చూడాలి. వెలిగి ఆరితే ఒక పరీక్ష గట్టెక్కినట్టే, మిగతాది స్కానరు పెట్టి తేల్చుకోవాలి. అసలు వెలగనే వెలగకపోతే మాత్రం బేరం అక్కడే ఆపాలి.

నేను కట్టిన ఎక్స్‌టెండెడ్ వారంటీకి గడువింకా ఉంది. సర్వీస్ సెంటర్లో స్కానరు పెట్టారు, డ్రైవరు ఎయిర్‌బ్యాగు సర్క్యూట్ అని కోడు వచ్చింది, క్లాక్ స్ప్రింగే పోయిందని తేలింది. అంతవరకూ అందరిదీ ఒకే మాట. ఎస్టిమేటు కాగితం బయటికొచ్చాకే దారులు వేరయ్యాయి.

"వారంటీ రాదు సార్. మీరు బయట స్టీరియో వేయించారు."

"స్టీరియో డ్యాష్‌బోర్డు మధ్యలో ఉంది బాబూ. పోయింది స్టీరింగులోది. తీగ కూడా కొయ్యలేదు, కప్లరుతో తగిలించాం."

"నిజమే సార్. కానీ సిస్టమ్ తీసుకోదు."

ఈ సిస్టమ్ గారు ఎక్కడ కూర్చుంటారో ఎవరికీ తెలియదు. ఆయన్ని కలిసే వీలుండదు, ఫోను ఉండదు. ఆయన పేరు చెప్పి వద్దనే కుర్రాడు మాత్రం మన ఎదురుగా, మెడలో ఐడీ కార్డుతో, మర్యాదగా నిలబడి ఉంటాడు. స్టీరియో వాదన నిలవకపోయేసరికి అతను ఇంకోటి అందుకున్నాడు: తిరిగే భాగం గనక ఇది అరుగుదల కిందికి వస్తుందట. వారంటీ పుస్తకం చివర చీమల బారులాంటి అక్షరాల్లో ఎలుకలు, నీళ్ళు, బయటి ఫిట్టింగులు, అరుగుదల అన్నీ మినహాయింపులే. ఇంజనులో, చక్రాల్లో, తలుపుల్లో తిరగని భాగమేదో, అరగని భాగమేదో ఆ పుస్తకం చెబితే బాగుండు.

కోపం తెచ్చుకుంటే లాభం లేదు, అతనూ జీతగాడే. ఒకటే అడిగాను: "ఏ షరతు కింద కాదంటున్నారో, స్టీరియోకీ ఈ పార్టుకీ సంబంధమేమిటో జాబ్ కార్డు మీద రాసి సంతకం పెట్టండి." నోటితో అన్న మాట కాగితం మీదికి దిగడానికి జంకుతుంది. కుర్రాడు లోపలికి వెళ్ళాడు, మేనేజరు బయటికి వచ్చాడు, కాఫీ కూడా వచ్చింది. చివరికి పార్టు వాళ్ళది, లేబరు నాది అని తెగింది. న్యాయంగా రెండూ వాళ్ళవే, అయినా సరేనన్నాను. బిగించేటప్పుడు మెకానిక్ బ్యాటరీ తీగ తీసి కాసేపు ఆగాడు. బ్యాటరీ తీసినా కంట్రోల్ యూనిట్లో కాస్త కరెంటు నిలవ ఉంటుందట. తర్వాత బ్యాగుని ఊడదీసి, ముఖం తన వైపు తిప్పకుండా పట్టుకెళ్ళి బల్ల మీద వెల్లకిలా పెట్టాడు. కౌంటరు దగ్గర మామూలు సామాను పద్దులా వాదించుకున్నదానికి లోపల ఇస్తున్న మర్యాద అది.

ఇలాంటి వాదనే పెద్ద ఎత్తున సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2015లో హ్యుందాయ్ క్రెటా కొన్న ఒక వినియోగదారుడికి 2017 నవంబరులో ఢిల్లీ–పానిపట్ రోడ్డు మీద ప్రమాదం జరిగింది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. గుద్దిన బలం చాలలేదన్నది కంపెనీ వాదన. వేగమూ బలమూ లెక్కలుగట్టి ఎంత గుద్దితే బ్యాగు తెరుచుకుంటుందో తేల్చుకోవడానికి కొన్నవాడు భౌతికశాస్త్ర నిపుణుడు కానక్కర్లేదని 2022 ఏప్రిల్లో కోర్టు అంది. మూడు లక్షల పరిహారాన్నీ, కారు మార్చి ఇవ్వాలన్న ఆదేశాన్నీ నిలబెట్టింది. ఆ మాట లైటు తగాదాకీ వర్తించాలని నా ఆశ. తీగ ఎందుకు తెగిందో చెప్పగల స్కానరూ, చదువూ కౌంటరుకి అవతల ఉన్నాయి. ఇవతలివాడికి ఉన్నది రసీదు. ఆ రసీదుతో హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయొచ్చు; 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక తానుండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కి ఫిర్యాదు ఇవ్వొచ్చు. గడువు రెండేళ్ళు.

అయితే సాక్షికి తెలియని సంగతులూ ఉంటాయి. లైటు తీగల్ని చూడగలదు, మందు చెడిందో లేదో చూడలేదు. టకాటా కథ అదే. ఆ జపాన్ కంపెనీ ఇన్‌ఫ్లేటర్లలో వాడిన అమ్మోనియం నైట్రేటు ఏళ్ళ తరబడి వేడికీ తేమకీ చెడిపోయి, అవసరమైనప్పుడు మరీ ఉధృతంగా పేలి లోహపు ముక్కల్ని మనుషుల మీదికి విసిరింది. ప్రపంచమంతటా దాదాపు పది కోట్ల ఇన్‌ఫ్లేటర్లు వెనక్కి పిలిచారు, 2017 జూన్‌లో కంపెనీ దివాలా తీసింది. అమెరికాలో ఉక్కపోత ఎక్కువుండే రాష్ట్రాల కార్లని ముందు పిలిచారు. మన కోస్తాలో బందరు నుంచి భీమిలి దాకా ఎండాకాలం ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? కాబట్టి లైటు ఆరి ఉన్నా, పాత కారున్నవాళ్ళు చాసిస్ నంబరు పెట్టి కంపెనీ వెబ్‌సైటులో రీకాల్ ఉందేమో చూసుకోవాలి. రీకాల్ పనికి డబ్బు అడగరు.

మన దేశంలో 2019 జులై నుంచి డ్రైవరు బ్యాగూ, 2021 ఆఖరు నుంచి పక్క సీటుదీ తప్పనిసరి. అమ్మే రోజున ఉండి తీరాలని చట్టం గట్టిగానే చెప్పింది. తర్వాత పాడైతే ఖర్చెవరిదన్నది చీమల బారు అక్షరాలకి వదిలేసింది. అమెరికాలో టయోటా మామూలు వారంటీ మూడేళ్ళే ఇస్తూ, బెల్టులకీ ఎయిర్‌బ్యాగులకీ విడిగా అయిదేళ్ళు ఇస్తుంది. ప్రాణం కాపాడే సామాను లెక్క వేరని అంగీకరించడానికి అదో మార్గం. ఇక్కడా అలా విడదీస్తే, ఆ కుర్రాడికి సిస్టమ్ గారిని అడ్డం పెట్టుకునే అవస్థ తప్పుతుంది.

ఇదంతా విని మా బావగారు, "ఇంత పోట్లాడావు గదా, అది పనిచేస్తుందని ఏమిటి గ్యారంటీ?" అన్నారు. ఏమీ లేదన్నాను. లేబరు డబ్బు కట్టి, గంటల కొద్దీ వాదించి సాధించుకున్న ఈ వస్తువు ఒక్కసారి కూడా అక్కరకు రాకుండా, కారుతోపాటే తుక్కు కొట్టుకి పోవాలనే నా కోరిక.