చిరిగిన చీర, గట్టి సంచి

పెళ్ళిలో తాంబూలంతో పాటు నూలు సంచి, సభకు వెళితే నూలు సంచి, బట్టల షాపులో నాలుగు చీరలు కొంటే మళ్ళీ నూలు సంచి. ప్లాస్టిక్ కాదు గనక ఇదంతా మంచికే అనుకుంటున్నాం. ఆ సంచిని కొత్త గుడ్డతో కుట్టినంతకాలం నేను ఈ మాట ఒప్పుకోలేను. పత్తి చేను తాగిన నీళ్ళు, చల్లిన మందులు, అద్దిన రంగులు అన్నీ దాని ఖాతాలోనే రాయాలి. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో వేసిన లెక్క ప్రకారం, వాతావరణానికి చేసే చేటులో నూలు సంచి పల్చటి ప్లాస్టిక్ సంచికి సాటి రావాలంటే దాన్ని 131 సార్లు వాడాలి. డెన్మార్క్ సంస్థ 2018లో వాతావరణం ఒక్కటే చూసి 52 సార్లంది. నీరు, నేల, ఓజోన్ పొర లాంటివన్నీ కలిపి చూసినప్పుడు 7,100 సార్లంది. అంటే రోజూ వాడినా పంతొమ్మిదేళ్ళ పైమాట. ఈ లెక్కలు ప్లాస్టిక్‌ను వెనకేసుకు రావడానికి పనికిరావు. మురుగుకాలవల్లో అడ్డుపడే సంచులూ, ఆవుల కడుపులో చేరే సంచులూ వాటిలో లేవు. మన ఊళ్ళలో ఆ నష్టం చిన్నది కాదు. కాబట్టి ప్లాస్టిక్ వద్దు, కొత్త గుడ్డా వద్దు. మిగిలింది ఇంట్లో ఉన్న పాత గుడ్డ.

ఏళ్ళ తరబడి కట్టిన చీర తన మీద పెట్టిన ఖర్చునంతా ఎప్పుడో తీర్చేసింది. దానితో భుజానికి తగిలించుకునే సంచి కుడితే కొత్తగా పడే భారం దారం, కాస్త కరెంటు మాత్రమే. అయితే పాత గుడ్డ అంతా ఒకేలా ఉండదు, ఇక్కడే పనితనం కావాలి. చీర కాళ్ళ దగ్గర ఫాల్ కుట్టిన చోట ముందు అరుగుతుంది, భుజం మీద పిన్నులు గుచ్చిన చోట చిల్లులు పడతాయి, పట్టయితే ఏళ్ళ తరబడి ఒకే మడత మీద పెట్టిన చోట చీలుతుంది. లోపలికి చుట్టుకునే చెంగు ఎండ తగలక రంగు నిలుపుకుంటుంది. గద్వాల చీర దీనికి మంచి ఉదాహరణ. నడుమంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు చీకిపోయిన చీరలో కూడా అంచు తరచూ దిట్టంగానే ఉంటుంది. ఆ అంచు పొడవునా పడుగు పోగులు దట్టంగా సాగుతాయి కాబట్టి నిలువుగా బరువు లాగినా ఓర్చుకుంటుంది. సంచి పట్టీకి అంతకన్నా తగిన ముక్క దొరకదు. నాలుగు మడతలు వేసి, జరీ భుజానికి ఒరుసుకోకుండా లోపలి వైపుకు తిప్పి, రెండు పక్కలా మిషన్ కుట్టు వేస్తే చాలు. కత్తెర పట్టేముందు గుడ్డను వెలుతురుకు ఎత్తి చూడాలి, రెండు చేతులతో లాగి చూడాలి. పల్చబడిన చోటు అప్పుడు దానంతటదే బయటపడుతుంది.

కుట్టు గట్టిగా లేకపోతే ఇందాకటి లెక్కంతా తలకిందులవుతుంది. నెల తిరక్కుండా పట్టీ ఊడిపోయే సంచి పాత చీరతో కుట్టినా చెత్తే, పైగా ఇంకోటి కొనిపిస్తుంది. అందుకే చీర ముక్క వెనక పాత పంచెతోనో లోపలి లంగా గుడ్డతోనో లైనింగ్ వేయాలి. బరువు ఆ లైనింగే మోయాలి, చీర పైకి కనిపిస్తే చాలు. పట్టీ సంచికి కలిసే చోట చదరంగా కుట్టి, అందులో మూల నుంచి మూలకు రెండు అడ్డ కుట్లు వేయాలి. లోపలి అంచులు మడిచి రెండోసారి కుట్టాలి. పాత జీన్స్‌తో కుట్టేవాళ్ళు మోకాలి కింది భాగం ఎంచుకుని, మిషన్‌కు 16 నంబర్ సూది పెట్టుకోవాలి. ఇవన్నీ కలిపి ఒక మధ్యాహ్నం పని.

టైలరుకిస్తే కొత్త సంచి ధర కన్నా కూలే ఎక్కువవుతుందంటారు. నిజమే. కొత్త సంచి చవకగా రావడానికి దాన్ని కుట్టిన చేతులకు దక్కేది తక్కువ కావడం కూడా ఒక కారణం. మన వీధి చివర మిషన్ పెట్టుకున్నామెకు ఆ కూలి అందడాన్ని నష్టమనుకోను. నేత చీర కోయడానికి చేయి రాదనే వాళ్ళ మాట ఇంకా బరువైనది. దానికి నా జవాబు ఒక్కటే: కట్టుకోదగ్గ చీరను కోయకండి, కట్టుకునే వాళ్ళకివ్వండి. పాత బట్టలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే వాళ్ళు ఇన్నేళ్ళుగా చేస్తున్నదీ బట్టను మరొకరి ఒంటిమీదికి చేర్చడమే. ఇక ఎవరూ కట్టలేనంతగా చిరిగిన చీరకే కత్తెర. చిరిగిన చీర ఇంట్లో లేదంటారా, సంచి కుట్టడం కోసం కొత్త గుడ్డ కొనకండి. తలుపు వెనక వేలాడుతున్న నూలు సంచుల్లో ఒకదాన్ని తీసి, ఊడిన పట్టీ కుట్టి, రేపు బజారుకు దాన్నే పట్టుకెళ్ళండి.