రాతిమీద గాలము

గాలము వేయుట పనిలేనివాని పని అని మనలో చాలమందికి ఒక అభిప్రాయమున్నది. చెరువుగట్టున చెట్టునీడలో కూర్చుండి, బెండు మునిగినదా లేదా అని చూచువానికి ఆ మాట చెల్లునేమో గాని, సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన రాతిగుట్టపై నిలిచి గాలము విసరువానికి చెల్లదు. అక్కడ కూర్చుండుటకు చోటుండదు, కునుకు తీయుటకు వ్యవధి యుండదు. వరుసగా రెండు వేసవులు విశాఖపట్టణములో గడిపిన పిమ్మట మాకు ఈ సంగతి తెలిసినది.

మా మువ్వురిలో ఒకని ఖాలాగారి ఇల్లు పెదవాల్తేరులో ఉన్నది. అక్కడినుండి తెల్లవారుజామున బయలుదేరి, కైలాసగిరి పాదము సముద్రమును తాకే చోటికి, తెన్నేటి పార్కుకు దిగువనున్న రాళ్ళదగ్గరకు వెళ్ళేవారము. విశాఖ కొండలలో విశేషముగా కనిపించు రాతిని భూగర్భ శాస్త్రజ్ఞులు ఖొండలైటు అంటారు. ఖోందు గిరిజనుల పేరుమీదుగా ఏర్పడిన పేరది. కోణార్క దేవాలయము నిర్మించినది కూడ ఆ జాతి రాతితోనే. చూచుటకు గంభీరముగా ఉన్నా, ఎండకు వానకు అది లోలోపల మెత్తబడి పెళ్ళలుగా ఊడుతుంది. ఎఱ్ఱబారిన రాతిని నమ్మరాదనీ, నల్లగా నిగనిగలాడు రాతిమీద నాచు ఉంటుంది గనుక దానిని అసలే నమ్మరాదనీ మాకు మొదటి దినముననే బోధ జరిగినది. మరి కాలు పెట్టుట ఎక్కడ అంటే, ఆ రెండింటికి నడుమ గరుకుగా, పొడిగా ఉన్న మూరెడు మేర!

ఆ బోధ చేసిన వృద్ధుని మేము తాతా అని పిలిచేవారము. యౌవనమంతా పడవలమీద గడిపి, ఇప్పుడు కాళ్ళు సహకరింపక ఒడ్డు చేరినవాడు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు తూర్పుతీరమున మరపడవల వేట నిషేధము. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ కట్టడి. రాతిమీది గాలమునకు అది వర్తించదు. అందుచేత వేసవిలో అతని చేపకు గిరాకీ హెచ్చు. ఇంటికి రెండు, అమ్మకానికి నాలుగు దొరికితే చాలునని అతని లెక్క. ఆ నాలుగూ దొరకని దినమున ఇంట్లో కూర మాత్రమే కాదు, మందుబిళ్ళలు కూడ ఉండవని మాకు తరువాత తెలిసినది.

అతని సరంజామా చూస్తే నవ్వు వస్తుంది. ప్లాస్టిక్ సీసాకు చుట్టిన తంగూసు, రెండు గాలములు, డబ్బాలో రొయ్యలు, కవళ్ళ ముక్కలు. సీసపు గుండు వాడడు. గులకరాతిని పాత నూలుదారముతో తంగూసు కొసకు కడతాడు. రాళ్ళసందున బరువు ఇరుక్కుంటే ఒక్క గుంజుతో నూలు తెగి, రాయి మాత్రమే సముద్రమునకు పోతుంది. గాలము, చేప, తంగూసు దక్కుతాయి. తెగవలసిన చోట తెగేటట్లు ముందుగానే ముడి వేసుకొనుట! ఇంజనీరింగు చదువుచున్న మా మిత్రుడు ఈ యుక్తికి ముగ్ధుడైపోయినాడు.

గాలమును ఉర్దూలో కాంటా అంటారు. ముల్లు, చేపముల్లు, గడియారపు ముల్లు కూడ కాంటాయే. మన బజారులో తూకము వేసేదీ కాంటాయే. తెలుగులో ముల్లు అనే ఒక్క మాట వీటిలో మూడింటికి సరిపోయినది గాని, గాలానికి మాత్రము మనవారు వేరే పేరు పెట్టుకొన్నారు. చేప దొరకని వేళల మా కాలక్షేపము ఇటువంటి చర్చలే.

అమావాస్యకు, పున్నమికి అక్కడ పోటుకు పాటుకు నడుమ నీటిమట్టములో సుమారు ఒకటిన్నర మీటరు తేడా ఉంటుంది. అష్టమినాటికి అది బాగా తగ్గుతుంది. పోటు దినదినమునకు సుమారు 50 నిమిషములు వెనుకబడుతుంది గనుక, తాతకు గడియారముకంటె పంచాంగమే ముఖ్యము. నీరు ఎక్కుచుండగా కెరటము రాతిని కొట్టి పీతపిల్లలను, గుల్లలను ఊడదీస్తుంది. ఆ తెల్లని నురుగు అంచుకు మేతకై చేప వస్తుంది. పారలు చిన్నచేపలను తరుముకొంటూ వచ్చి ఎరను ఒక్క ఊపున లాగుతాయి. కొయ్యంగలు గుంపులుగా కనిపించి ఊరిస్తాయి గాని సులభముగా గాలానికి చిక్కవు. జెల్ల చిక్కితే సంతోషము కంటె జాగ్రత్త ఎక్కువ కావలె. దాని వీపుముల్లు గ్రుచ్చుకొంటే విషము మంట పుట్టిస్తుంది. ఓర్చుకొనగలిగినంత వేడినీటిలో చేయి ముంచుటయే దానికి మొదటి ఉపశమనము.

ఇంతకూ చెప్పదలచినది రెండవ వేసవి, మే నెలలోని ఒక ఉదయమును గూర్చి. ఆకాశము నిర్మలముగా ఉన్నది. గాలి లేదు. నురుగులో పారలు మెరయుట మా కంటికే కనిపించుచున్నది. తాత మాత్రము పైనున్న బండమీదనే నిలిచి, అరగంటసేపు ఊరక నీటివంక చూచి, తంగూసు తిరిగి సీసాకు చుట్టినాడు.

“ఎల్లిపోదాం బాబూ. ఈయాల సంద్రం బాగోనేదు.”

“చేపలు కనిపిస్తున్నాయి గదా, తాతా!”

“సేపలు రేపూ ఉంటాయి. కెరటానికీ కెరటానికీ ఎడం సూడండి.”

గడియారము పెట్టి చూచినాము. ముందునాడు ఎనిమిది సెకన్లకు ఒకటి వచ్చిన కెరటము ఆనాడు పదహారు సెకన్లకు ఒకటి వచ్చుచున్నది. అంతలో పార్కు చూడవచ్చిన ఒక యువకుడు ఫోటోకై దిగువ రాతిమీదికి దిగి, చెప్పులు విడిచి, నిలిచినాడు. తాత గొంతు చించుకొని పిలిచినాడు. రాయి పొడిగానే ఉన్నది గదా అని అతని వాదము. చివరకు మా మువ్వురి కేకలకు విసుగుకొని, గొణుగుచు ఎక్కి వచ్చినాడు. పది నిమిషములు ఏమీ జరుగలేదు. మమ్ము చూచి అతడు నవ్వినాడు కూడ. పిమ్మట వరుసగా మూడు కెరటములు వచ్చినవి. మూడవది ఆ రాతిని నిలువెత్తున ముంచి వెనుకకు పోయినది. చెప్పులు కనిపించలేదు. ఆ యువకుడు మరి మాటలాడలేదు.

గాలి లేని దినమున అంతటి కెరటము ఎక్కడిది? దక్షిణ హిందూ మహాసముద్రములో ఎక్కడో తుపాను గాలులు లేపిన అలలు వేల కిలోమీటర్లు, దినముల తరబడి ప్రయాణము చేసి, మేఘమైనా లేని తీరమును తాకుతాయి. కేరళ జాలరులు దీనిని కల్లక్కడల్ అంటారు. దొంగవలె వచ్చే సముద్రమని అర్థము. దీనిని ముందుగా పసిగట్టి హెచ్చరించే ఇన్‌కాయిస్ సంస్థ 1999లో ఏర్పడినది. ఉన్నది ఎక్కడ? సముద్రము మచ్చుకైనా లేని మన హైదరాబాదులో! ఆ హెచ్చరికలు ఫోనుకు వస్తాయని తాతకు చెప్పినాము. మనుమని చేత పెట్టించుకొంటానన్నాడు. 2020 అక్టోబరులో ఇదే పార్కు దిగువకు బంగ్లాదేశపు ఓడ ఒకటి, లంగరు నిలువక, రాళ్ళదగ్గరకు కొట్టుకొనివచ్చిన సంగతి చెప్పి, “ఓడకే పట్టు సిక్కనేదు, మన కాలెంత?” అన్నాడు. అదృష్టవశాత్తు ఆ ఓడలోనివారు క్షేమముగా బయటపడినారు.

మరునాడు కూడ తాత గాలము విప్పలేదు. రెండు దినముల కూలి పోయినది గదా అని మేము కొంత పైకము ఇవ్వబోతే పుచ్చుకొనలేదు. మందుబిళ్ళలు మాత్రము ఖాలాగారు కొని పంపితే, కాదనలేక తీసికొన్నాడు. మూడవనాడు కెరటము తిరిగి ఎనిమిది సెకన్లకు వచ్చినది. తాత దిగినాడు. పొద్దెక్కే లోపల అయిదు పారలు, ఒక జెల్ల. అందులో ఒక పారను ఆకులో చుట్టి ఖాలాగారికని మా చేత పెట్టినాడు.